నానమ్మ వంటింటి మెట్టు

వంటింటి మెట్టు తీసేయాలా వద్దా అన్న గొడవ హాడోల ఇంట్లో అప్పటికి మూడో వారంలో పడింది.

గ్లెనిస్ ఆ మెట్టు మీద మూడుసార్లు తూలింది. మూడోసారి చేతిలో ఉన్న కస్టర్డ్ గిన్నె వెళ్లి కుక్క ముందు పడింది. కుక్క చాలా సంతోషించింది. గ్లెనిస్ మాత్రం ఆ సాయంత్రమే మొగుడు క్లెమ్‌ని కూర్చోబెట్టి, ఆ రాయి మధ్యలో గుంట, అంచుల్లో అలలు, మనిషన్నవాడు నడవడానికి పనికొచ్చేది కాదు, పీకించి సిమెంటు మెట్టు పోయిద్దాం అంది. మా నాన్న వేసిన రాయి అని క్లెమ్ ఒక్క ముక్క అని పశువుల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ ఒక్క ముక్క తరఫున రోజూ తల్లితో వాదించే పని కూతురు మార్నీ నెత్తిన పడింది.

ఇక గ్లెనిస్ అత్తగారు డల్సీ అసలు వాదనలోకే దిగేది కాదు. ఎనభై నాలుగేళ్లావిడ. రోజూ పొద్దున్నే బఠాణీల గిన్నె తెచ్చుకుని ఆ మెట్టు మీదే కూర్చునేది. ఆవిడ కూర్చున్న రాయిని ఎవరు పీకుతారు?

"అత్తయ్యా, మీరు పడితే తుంటి విరుగుతుంది," అంది గ్లెనిస్ ఆ రోజు కూడా.

"అరవై ఏళ్లుగా పడలేదు."

"నేను పడుతున్నానుగా."

"నువ్వు ఎప్పుడూ కింద చూసి నడవవమ్మాయ్," అని డల్సీ ఇంకో కాయ ఒలిచింది.

మధ్యాహ్నం డల్సీ పడుకున్నాక కుక్క మొరిగింది. మార్నీ వచ్చి దోమల జాలీ తలుపు తీసింది. మెట్టు మీద ఎవరో బోర్లా పడుకుని ఉన్నాడు. ఎండదెబ్బ తగిలిందేమో అనుకుంది. మార్బుల్ బార్ చుట్టుపక్కల అది మామూలే. ఆస్ట్రేలియా మొత్తం మీద ఎండకు పేరు మోసిన చోటు మాది. కానీ ఆ మనిషి స్పృహలోనే ఉన్నాడు. నాలుక బయటపెట్టి మెట్టును నాకుతున్నాడు.

"ఏం చేస్తున్నారు?" అంది మార్నీ.

అతను తల ఎత్తాడు. ముప్పై ఏళ్లుంటాయి. ముక్కు మీద ఎర్రమట్టి. కళ్లు మాత్రం పండగ సరుకులు దించుకున్న కొట్టులా వెలుగుతున్నాయి. "తడిపితే చారలు బాగా కనిపిస్తాయి," అన్నాడు.

"నీళ్లు లేవా మీ దగ్గర?"

"సీసా జీపులో ఉంది. జీపు వాగు ఇసుకలో ఉంది. యాక్సిల్ విరిగింది. సాయం అడుగుదామనే వచ్చాను." కాస్త ఆగి, "ఈ రాయి చూసి జీపు సంగతి మర్చిపోయాను," అన్నాడు.

మార్నీ లోపలికి వెళ్లి చెంబుడు నీళ్లు తెచ్చింది. తాగమని ఇస్తే సగం తాగి సగం మెట్టు మీద పోశాడు.

పేరు యోసిప్ రాడిచ్ అని తర్వాత తెలిసింది. పెర్త్‌లో ఒక విశ్వవిద్యాలయం తరఫున పాత రాళ్లలో పాత ప్రాణుల్ని వెతుకుతున్నాడు. క్లెమ్ ట్రాక్టరుతో జీపును లాక్కొచ్చాడు. యాక్సిల్ పోర్ట్ హెడ్లాండ్ నుంచి రావాలి, నాలుగైదు రోజులు పడుతుంది, అప్పటిదాకా పనివాళ్ల గదిలో ఉండమన్నాడు.

భోజనాల దగ్గర యోసిప్ ఆ మెట్టులో చిన్న ముక్క కావాలని అడిగాడు. మొత్తం తీసుకుపొమ్మని గ్లెనిస్ ఉత్సాహంగా లేచింది. డల్సీ ఫోర్కు కింద పెట్టింది. 

"విరిగిన మూల ఒకటి ఉంది," అంది మార్నీ మధ్యే మార్గంగా. ఎప్పుడో ట్రాక్టరు తగిలి ఊడిన ముక్క అది. జెరేనియం పూలమొక్క డబ్బా పక్కన పడి ఉండేది. గాలి వీచినప్పుడు తలుపుకు అడ్డం పెట్టేవాళ్లు. అది తీసుకోవడానికి డల్సీ కాసేపు ఆలోచించి తల ఊపింది.

మార్నీకి రాళ్లు కోసే షెడ్డు ఉంది. ఎర్రని, ఆకుపచ్చని రాళ్లు కోసి, నునుపు చేసి, దారిన పోయే యాత్రికులకు అమ్మేది. యోసిప్ తన రాళ్లను పెర్త్‌కి పంపి రెండు నెలలు ఎదురుచూసే మనిషి. ఆమె రంపం చూసి చిన్నపిల్లాడిలా దాని చుట్టూ తిరిగాడు. రాయిని కాగితంకన్నా పలచగా అరగదీయాలి, అప్పుడే వెలుతురు దాని గుండా పోతుంది, మైక్రోస్కోపులో లోపలేముందో కనిపిస్తుంది, చేయగలరా అని అడిగాడు.

"గాజు పలక, గరుకు పొడి, నీళ్లు. ఇంకేం కావాలి?" అంది.

రెండు రోజులు రుద్దారు. ముక్కను చిన్న గాజుకు అంటించి, తడి పొడి మీద గుండ్రంగా, గుండ్రంగా. అతను తొందరపడి నొక్కితే ఆమె చేతి మీద కొట్టేది.

"నొక్కకండి. రాయికి తొందర లేదు, మీకే ఉంది."

"నాకు నిజంగానే ఉంది," అన్నాడు. రుద్దుతూనే చెప్పాడు. మూడేళ్ల పని. ఇప్పటిదాకా అనుమానం లేని ముక్క ఒక్కటీ దొరకలేదు. జూన్ చివరికి దొరక్కపోతే పని మూసేస్తారు. తండ్రి పెర్త్ పక్కన స్పియర్‌వుడ్‌లో క్యాబేజీ పండిస్తాడు. చదువుకున్నది చాలు, తోటకు రమ్మని ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు.

"క్యాబేజీ మంచిదే," అంది మార్నీ.

"మంచిదే. కానీ దాని వయసు మూడు నెలలు."

ఆమె నవ్వింది. అతను ఆ నవ్వు చూస్తూ మళ్లీ గట్టిగా నొక్కాడు. ఈసారి ఆమె కొట్టడం మర్చిపోయింది.

మూడో రోజు, వంటింటి బల్ల మీద వెన్నకూ జామ్‌కూ మధ్య మైక్రోస్కోపు పెట్టారు. కోసింది మీరు, ముందు మీరే చూడండి అన్నాడు యోసిప్.

మార్నీ కన్ను ఆనించింది. తేనె రంగు వెలుతురు. పొగ పొగగా మచ్చలు. పలకను కాస్త జరిపింది. అప్పుడు కనిపించాయి: నల్లని సన్నని దారాలు, పూసలు గుచ్చినట్టు గళ్లు గళ్లుగా, ఒకదాని పక్కన ఒకటి వంగి ఉన్నాయి. అప్పటికి రెండు రోజులుగా అతను చెప్పిందల్లా ఒక్కసారిగా ఆమె కళ్ల ముందుకొచ్చింది.

"ఏదో ఉంది," అంది.

అతను చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి పెరట్లోకి వెళ్లి నీళ్ల ట్యాంకు చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. మళ్లీ చూశాడు. తర్వాత డల్సీ దగ్గరికి వెళ్లి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. ఆ ఊపులోనే గ్లెనిస్‌నీ, ఆ ఊపులోనే మార్నీనీ కౌగిలించుకున్నాడు. మార్నీ దగ్గర మాత్రం ఊపు కొంచెం ఎక్కువసేపు ఆగింది.

"ఎవరైనా నాకు చెప్తారా?" అంది గ్లెనిస్.

చెప్పాడు. మూడువందల నలభై కోట్ల ఏళ్ల నాటి సంగతి. చెట్టు లేదు, చేప లేదు, పీల్చుకోవడానికి గాలి కూడా లేదు. లోతులేని వెచ్చని సముద్రం అంచున కంటికి కనిపించని ప్రాణులు మాత్రం ఉన్నాయి. జిగురు జిగురుగా పరచుకుని, ఇసుక పడితే దాని మీద ఇంకో పొర, మళ్లీ ఇంకో పొర కట్టుకుంటూ పైకి వచ్చాయి. మెట్టు మీద అలల్లా కనిపిస్తున్నవి అవి కట్టుకున్న ఇళ్లే. ఇళ్లు చాలాచోట్ల దొరికాయి. ఇళ్లలో ఉన్నవాళ్లు ఇంత స్పష్టంగా ఎక్కడా కనిపించలేదు.

"అంటే మన పూర్వీకులా?"

"ఒక రకంగా అందరికీ."

"క్లెమ్ వైపు వాళ్లే అయ్యుంటారు," అంది గ్లెనిస్. "దారికి అడ్డంగా ఉండటం ఆ ఇంటి లక్షణం."

ఫొటోలు అప్పుడే పెర్త్‌కి వెళ్లాయి. గంటలో అతని ప్రొఫెసరు నుంచి జవాబు వచ్చింది. విభాగం మొత్తానికి చూపించాను, ఇంకో రెండేళ్లు పని ఇప్పించే పూచీ నాది అని. ఆ సాయంత్రం మార్నీ, యోసిప్ మెట్టు మీద కూర్చున్నారు. కొండలు ఎర్రబడి, ఊదాగా మారి, నల్లబడ్డాయి.

"వ్యాసంలో నీ పేరు మొదట ఉంటుంది," అన్నాడు.

"నేను రుద్దానంతే."

"నువ్వు చూశావు. ముందు చూసింది నువ్వు."

వాళ్ల భుజాలు తగులుతూనే ఉన్నాయి. ఇద్దరిలో ఎవరూ జరగలేదు.

మర్నాడు పొద్దున యాక్సిల్ వచ్చింది. యోసిప్ జీపు కింద దూరాడు. మార్నీ ఒక్కతే వంటింట్లో, ఇంకోసారి చూసుకుందామన్న సంబరంతో మైక్రోస్కోపు ముందు కూర్చుంది.

రాళ్లు కోసే చేతికి పగుళ్లంటే భయం. రంపం పెట్టే ముందు పగులు ఎటు పోతోందో చూడటం ఆమెకు అలవాటు. అలవాటు కొద్దీ ఇప్పుడూ చూసింది. రాయిలో వెంట్రుకలాంటి పగులు ఒకటి అడ్డంగా ఉంది. నల్ల దారాలన్నీ దాని దగ్గరే ఉన్నాయి. ఒక దారం పగులుకు ఈ పక్క మొదలై, దాన్ని దాటి, ఆ పక్కకు హాయిగా వెళ్లిపోయింది. తెగలేదు.

ఆమె కన్ను తీసి, తుడుచుకుని, మళ్లీ చూసింది.

రాయి పగిలినప్పుడు ఆ దారం లోపల ఉంటే, అదీ పగలాలి. తెగకుండా దాటిందంటే రాయి పగిలాక వచ్చిందన్నమాట. ఎంత కాలం తర్వాత? పోయిన ఏడాది కావచ్చు.

గిన్నెలు కడిగింది. తుడిచింది. తుడిచినవే మళ్లీ తుడిచింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదేమో. అతనికి రెండేళ్లు పని ఉంటుంది. ఇక్కడికే వస్తాడు. చెప్తే జూన్ చివర క్యాబేజీ తోటకు వెళ్లిపోతాడు. ఆ గుడ్డ గిన్నె మీద అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత దాన్ని తాడు మీద ఆరేసి, జీపు దగ్గరికి వెళ్లి, బయటికి వచ్చిన రెండు బూట్లతో మాట్లాడింది.

"యోసిప్. ఆ దారం పగులు దాటి వెళ్తోంది. తెగలేదు."

బూట్లు కదలడం ఆగిపోయింది.

అతను వచ్చి చూశాడు.  సరిగ్గా అప్పుడే డల్సీ టీ కెటిల్ పట్టుకుని తలుపు తీసి, అడుగున మిగిలిన టీ, పిప్పితో సహా, జెరేనియం డబ్బాలో పోసింది. సగం డబ్బాలో, సగం పక్కన. ఆ మూల ముక్క ఉండే చోట.

"రోజూ అక్కడే పోస్తారా?" అన్నాడు యోసిప్.

"అరవై ఏళ్లుగా. మొక్కకు మంచిది."

అతను ఆ తడి నేల వంక చూశాడు. "అంటే నేను పెర్త్‌కి పంపింది మీ టీ బూజు," అన్నాడు. నవ్వలేదు. ఇంకొకరు ఇదే పొరపాటు చేస్తే తను రెండు పేజీల విమర్శ రాసి వెక్కిరించానని, చాలా మెల్లగా, ఎవరికీ కాకుండా చెప్పుకున్నాడు. అరగంటలో జీపు బిగించుకుని వెళ్లిపోయాడు. అతని టోపీ కొక్కేనికి అలాగే ఉంది.

ఆ తర్వాత రెండు రోజులూ మార్నీ మూడు మంచి రాళ్లు తప్పుగా కోసింది. గ్లెనిస్ మెట్టు మాట ఎత్తలేదు. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద ఓదార్పు ఉండదు.

మూడో రోజు మధ్యాహ్నం కుక్క మొరిగింది. యోసిప్ మెట్టు ముందు నిలబడి ఉన్నాడు. నిలువుగానే. చేతిలో టీ పొడి పొట్లం. అది డల్సీగారికి, ఆవిడ మీద కోపం లేదని చెప్పడానికి అన్నాడు.

"చెప్పకుండా వెళ్లావు," అంది మార్నీ తలుపు తీయకుండానే.

"నోరు తెరిస్తే ఏడుస్తానేమోనని. పోర్ట్ హెడ్లాండ్ వెళ్లి అక్కణ్ణించి పెర్త్‌లో మా విభాగం అందరితో ఫోన్‌లో మాట్లాడాను. తప్పు చూశాను, పట్టుకున్నది మార్నీ హాడో అని చెప్పాను. దాచడానికి లేదు కదా."

"పని పోయిందా?"

"జూన్ చివరి దాకా ఉంది. ఐదు వారాలు."

"టోపీ కోసం వచ్చావా?"

"నిజంగానే మర్చిపోయాను. పెట్రోలు బంకు దగ్గర గుర్తొచ్చింది." తల వంచుకున్నాడు. "చాలా సంతోషమేసింది."

మార్నీ తలుపు తీసింది.

బఠాణీలు ఒలుస్తున్న డల్సీ అంతా వింటోంది. యోసిప్ ఆవిడ ముందు నేల మీద కూర్చుని అడిగాడు. బూజు బూజే, కానీ రాయి అబద్ధం కాదు. అలలు నిజం. ఈ రాయి పుట్టిన చోట టీ పడని రాయి ఇంకా ఉంటుంది. అది ఎక్కడిది?

క్లెమ్‌కి తెలియదు. గ్లెనిస్‌కి తెలియదు. డల్సీ ఎవరికీ చెప్పలేదు. ఆవిడ గిన్నె పక్కన పెట్టి మార్నీ మొహంలోకి చూసింది. తర్వాత అతని మొహంలోకి.

"నువ్వే కదా తప్పని చెప్పింది?" అని మనవరాలిని అడిగింది. "చెప్పాక కూడా తిరిగొచ్చాడు."

"అవును నానమ్మా."

"మీ తాత వాల్టర్‌కి నేనూ ఒకటి చెప్పాను. పెళ్లికి ముందు. మీ ఇల్లు నాకు నచ్చలేదు, అడుగు పెడితే మోకాలు లోతు దుమ్ము అని. చెప్పాక రెండు రోజులు కనిపించలేదు. మూడో రోజు బండిలో ఈ రాయి వేసుకుని వచ్చాడు. ఎక్కడిదంటే తీసుకెళ్లి చూపించాడు. అక్కడే అడిగాడు నన్ను, పెళ్లి చేసుకుంటావా అని." బఠాణీ ఒకటి కిందపడితే తీసి గిన్నెలో వేసింది. "చెప్తే అందరూ వెళ్లి చూస్తారని ఎవరికీ చెప్పలేదు. అది మా ఇద్దరిదీ."

ఆ రాయి దొరికిన కొండ ఈ నేల మూలవాసులైన న్యామల్ వాళ్లది. వాళ్ల పెద్దావిడ పెర్ల్ ఆంటీని అడగకుండా మా వైపు ఎవరూ అటు వెళ్లరు. అడిగితే ఆవిడ తనూ వస్తానంది. జీపు ముందు సీట్లో డల్సీ, నడుపుతూ పెర్ల్. వెనక సామాన్ల మధ్య ఎగిరెగిరి పడుతూ మార్నీ, యోసిప్. కొండ కింద ఒకప్పుడు పశువుల కాపలావాళ్లు ఉన్న పాత ఇల్లు ఒకటి ఉంది, తలుపు నేలకు రెండడుగుల ఎత్తున వేలాడుతూ. దాని వెనక కొండ చరియలో, ఒక బల్ల రాయి ఊడదీసిన ఖాళీ అలాగే ఉంది. దాని రెండు పక్కలా అవే అలలు, కొండ పొడుగునా.

యోసిప్ మోకాళ్ల మీద పడ్డాడు.

"నాకితే ఇక్కడే వదిలేసి వెళ్తాను," అంది మార్నీ, నీళ్ల సీసా ఇస్తూ.

పెర్ల్ ఆ ఖాళీలో చెయ్యి పెట్టి చూసింది. వాల్టర్ మా అమ్మను అడిగే తీసుకెళ్లాడు, పెళ్లికూతురి కోసం ఒక్క రాయి అన్నాడు, ఒక్కటే తీసుకున్నాడు అంది. మీరూ పిడికెడు తీసుకోండి, మళ్లీ కావాలంటే మళ్లీ వచ్చి అడగండి అంది. డల్సీ అప్పటికే పక్కన ఒక బండ చూసుకుని కూర్చుంది. చాలాకాలం క్రితం కూడా ఆ బండ మీదే కూర్చున్నట్టు, వెతుక్కోకుండా.

ఈసారి నాలుగు రోజులు రుద్దారు. యోసిప్ నొక్కలేదు. చేతులు సబ్బుతో కడిగి, గాజు కడిగి, పొడి కొత్తది వాడి, డల్సీ కెటిల్‌ని షెడ్డుకు యాభై అడుగుల దూరంలో ఉంచి.

మార్నీ ముందు పగులు కోసమే చూసింది. దొరికింది. దాని వెంట ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. పలకను జరిపింది. పొరల లోపల, పగులుకు దూరంగా, గట్టి రాయి మధ్యలో, పొగరంగు దారాలు. అంత అందంగా ఏమీ లేవు. ముడతలు పడి, సగం చెరిగి, ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. వాటిలో ఒకటి నెమ్మదిగా వంగుతూ పగులు దాకా వచ్చింది. అక్కడ ఆగింది. మిగతా సగం పగులుకు అవతల, వెంట్రుకవాసి కిందికి జరిగి, మళ్లీ మొదలైంది.

ఆమె కుర్చీ వదిలింది. అతను కూర్చున్నాడు.

"తెగింది," అన్నాడు. 

"తెగింది," అంది.

ఏదో తెగిందని అంత ఆనందంగా చెప్పుకున్నవాళ్లు మా వైపు ఇంకెవరూ లేరు. యోసిప్ ఈసారి ఎవరినీ కౌగిలించుకోలేదు, ట్యాంకు చుట్టూ తిరగలేదు. ఆమె చెయ్యి తీసుకుని, గరుకు పొడికి అరిగిపోయిన వేళ్ల చివర్లు ఒక్కొక్కటీ చూశాడు.

ప్రొఫెసరు ఈసారి గంటలో కాదు, పదకొండు రోజులకు జవాబు రాశాడు. ఇవి ప్రాణులే అని ఇప్పుడే అనలేం, కాదని కూడా అనలేం, ఎన్నో పరీక్షలు చేయాలి. రెండేళ్లు పని ఇస్తున్నాం, కొండ దగ్గరే ఉండి చేయండి అని.

ఆ ఉత్తరం పట్టుకుని యోసిప్ షెడ్డులోకి వచ్చాడు. "నాకు అక్కడ ఒక మనిషి కావాలి," అన్నాడు. "రాయి కోయాలి. నేను తప్పు చూస్తే తప్పని చెప్పాలి."

మార్నీ రంపం ఆపింది. "ఉద్యోగమా?"

"ఉద్యోగం రెండేళ్లకే. అడగాల్సింది ఇంకోటి ఉంది, దానికి ఎన్నేళ్లని చెప్పాలో తెలియలేదు. నా దగ్గరున్న అంకెలన్నీ మరీ పెద్దవి."

ఆమె చేతులు గుడ్డకు తుడుచుకుంది. తుడవడం కొంచెం ఎక్కువసేపే అయింది.

"ఒక షరతు. రాళ్లు నాకిన నోటితో నా దగ్గరికి రాకూడదు."

"పొద్దుట్నుంచి ఒక్కటి కూడా నాకలేదు," అన్నాడు యోసిప్. అది నిజమో కాదో ఆమె అప్పుడే తేల్చుకుంది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. కాల్చిన మాంసం, ఉడికించిన బఠాణీలు, స్పియర్‌వుడ్ నుంచి వచ్చిన క్యాబేజీ. గ్లెనిస్ గ్రేవీ గిన్నె తెస్తూ జాలీ తలుపు దగ్గర మళ్లీ తూలింది. గ్రేవీ ఒలకలేదు గానీ మాట ఒలికింది. రాయి గొప్పదే కావచ్చు, మూడువందల కోట్లో నాలుగువందల కోట్లో, కానీ తను బతికున్నన్నాళ్లు నడవాలి కదా అంది. మా నాన్న వేసిన రాయి అన్నాడు క్లెమ్, అలవాటు ప్రకారం.

"తీయించు గ్లెనిస్," అంది డల్సీ.

క్లెమ్ నమలడం ఆపాడు. గ్లెనిస్ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది.

"సిమెంటు పోయించుకో. నాకు కుర్చీ ఒకటి వేయించు బయట." డల్సీ మనవరాలి వైపు తిరిగింది. "కొండ కింద ఆ పాత ఇంటికి మెట్టు లేదు. నేను చూశాను. మిగతాది నువ్వు చెప్పు."

మార్నీ బల్ల కింద యోసిప్ చెయ్యి వెతికి పట్టుకుంది. ఉప్పు ఇటివ్వు అన్నంత మామూలుగా చెప్పింది.

"ఆగస్టు చివరి శనివారం, అమ్మా. ఎండ తక్కువగా ఉంటుంది. పెళ్లయ్యాక నేనూ యోసిప్ అక్కడే ఉంటాం. నాన్నా, రాయిని ట్రాక్టరులో నువ్వే తీసుకురావాలి, ఇంకో మూల విరక్కుండా."